జ్యూరీకి పండు పెట్టిందెవరు?

జ్యూరీ పెద్ద తీర్పు చెప్పడానికి నోరు తెరిచాడు. తీర్పుకంటే ముందు, పనసలా ముళ్ళుండే డురియన్ పండు వాసన బయటికొచ్చింది.

"నిర్దోషి" అన్నాడు మెక్‌ఫెయిల్ దొర, గడ్డం నిమురుకుంటూ.

బోనులో నిలబడ్డ పడవవాడు జుసో సంకెళ్ళ చేతులు పైకెత్తాడు. వెనక బల్ల మీద వాడి తల్లి మక్ మినా తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. నల్లమందు గుత్తదారు కావలివాణ్ణి తెడ్డుతో కొట్టి సముద్రంలో ముంచాడని వాడి మీద కేసు. ఉరి తప్పిందనుకున్న సంతోషం ఆవలించినంత సేపు కూడా నిలవలేదు. జడ్జి విట్‌కూం దొర జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని జ్యూరీ వైపు తిరిగాడు. ఆ పన్నెండు మంది పెద్దమనుషులూ తలా ఒక దిక్కు చూడటం మొదలుపెట్టారు.

దొంగతనం దాగుతుంది, రంకు దాగుతుంది, డురియన్ దాగదు. పినాంగు దీవిలో పుట్టిన ఏ పసివాడికైనా తెలిసిన సంగతే ఇది.

జ్యూరీ గదిలోకి వెళ్ళాక తీర్పు తేలేదాకా తిండి లేదు, నీళ్ళు లేవు, దీపం లేదు. కడుపు మాడితే న్యాయం త్వరగా తేలుతుందని సీమలో ఎవడో కడుపునిండా తిన్నవాడు పెట్టిన ఆచారం. ఓడెక్కి ఇక్కడికీ వచ్చింది. నిన్న సాయంత్రం లోపలికి పోయిన జ్యూరీ ఇవాళ పొద్దున బయటికొచ్చింది.

సర్కారు వకీలు లేచాడు. "జ్యూరీ తిన్నది దొరా. ఖైదీ తల్లి డురియన్లు అమ్ముకునే మనిషి. ఇక నేను చెప్పాల్సిందేముంది?"

"చాలా ఉంది" అన్నాడు జడ్జి రుమాలు చాటునుంచి. "సొంతంగా తిన్నారంటే జరిమానా వేసి వదిలేస్తాను. ఇంకెవరో దారినపోయేవాళ్ళు పెట్టినా అంతే. కానీ గెలిచినవాడి మనుషులు పెట్టింది తింటే ఈ తీర్పు చెల్లదు. ఖైదీ మళ్ళీ విచారణకి, తల్లి జైలుకి. పండు ఎవరిదో మధ్యాహ్నం కోట ఫిరంగి పేలేలోపు తేల్చండి. అంతదాకా తీర్పు రాయను."

మళ్ళీ జ్యూరీ కూర్చోవాలంటే ఆరు నెలలు. అన్నాళ్ళూ జుసో సంకెళ్ళలో ఉండాలి. ఆ తరవాత వచ్చే పన్నెండు మంది ఏమంటారో ఏ దేవుడికీ తెలియదు.

సర్కారు తరఫున ఇన్‌స్పెక్టర్ రోజెల్స్ బయల్దేరాడు. ఖైదీ తరఫున కాదర్ మెరికాన్ బయల్దేరాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఠాణాలో పనిచేసినవాళ్ళు. పైవాళ్ళకి చాడీలు చెప్పి కాదర్ ఉద్యోగం ఊడగొట్టిన మహానుభావుడు రోజెల్సే. అప్పటినుంచి కాదర్ వకీళ్ళ దగ్గర వాసనలు పట్టి బతుకుతున్నాడు. ఇవాళ నిజంగానే వాసన పట్టే పని దొరికింది.

జ్యూరీని వసారాలో కూర్చోబెట్టారు. రోజెల్స్ తిన్నగా వాళ్ళలో తగరం వ్యాపారి కిం స్వీ ముందు నిలబడ్డాడు.

"ఉరి వెయ్యాలన్నవాళ్ళు ఎంతమంది? పండు తిన్నాక మాట మార్చిందెవరు?"

"అది అడగకూడదయ్యా" అన్నాడు కాదర్ స్తంభానికి ఆనుకుని. "గదిలో ఎవరు ఏమన్నారో జడ్జి కూడా అడగడు. పండు సంగతి అడుగు."

"నువ్వు నాకు చట్టం నేర్పుతున్నావా?"

"నీ దగ్గరే నేర్చుకున్నా. నువ్వు తప్పిన ప్రతిసారీ ఒకటి నేర్చుకున్నా."

కిం స్వీ పొట్ట కదిలేలా నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు. కాదర్ అతని పక్కన చతికిలబడ్డాడు.

"సేఠ్‌గారూ, మీరు తిన్నది నేరం కాదు. మహా అయితే ఒక డాలరు. చెప్పేస్తే కుర్రాడు ఇంటికి పోతాడు. పండు ఎట్లా వచ్చింది?"

"కిటికీలోంచి వచ్చింది కాదరూ. తెల్లవారుతోంది. ఆకలికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. దొర్లుకుంటూ వచ్చి కిటికీ గట్టు మీద కూర్చుంది, పెళ్ళికి వచ్చిన చుట్టంలాగా. కాసేపు అందరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. అది మమ్మల్ని చూస్తూ కూర్చుంది."

"తరవాత?"

"తరవాత మెక్‌ఫెయిల్ దొర, ఇది సాక్ష్యమో కాదో పరీక్షించాలన్నాడు."

జాజికాయ తోటల మెక్‌ఫెయిల్ ముఖం ఎర్రబడింది. ఇరవై ఏళ్ళుగా ఆ కంపు పండు ఇంటి గడప దాటనివ్వనని క్లబ్బులో ప్రమాణాలు చేసిన మనిషి. ఇప్పుడు అతని గడ్డంలో పసుపుపచ్చని పీచు ఇరుక్కుని ఉంది.

"చేదుగా ఉంది" అన్నాడు మెక్‌ఫెయిల్ నేల చూస్తూ. "మొదట చేదు. తరవాత..."

"తరవాత?"

"తరవాత నాకు మాటలు చాలవు."

"తియ్యగా ఉందయ్యా, చేదేంటి?" అన్నాడు వెనకనుంచి ఇంకో జ్యూరీ పెద్దమనిషి. కాదు చేదే అన్నాడు మరొకడు. పన్నెండు మంది రెండు జట్లయి కలబడబోయారు. మనిషి ప్రాణం మీద ఒక్కమాటకొచ్చినవాళ్ళు పండు రుచి మీద రాలేకపోయారు.

"తీర్పు పండుకు ముందే తేలిందా?" అని రోజెల్స్ మళ్ళీ గుచ్చాడు.

"అది అడగకూడదు" అన్నారు పన్నెండు మందీ ఒకే గొంతుతో.

కాదర్ లేచి జ్యూరీ గదిలోకి నడిచాడు. మేడ మీద, కోర్టు వెనక భాగంలో ఉంది అది. తలుపు దగ్గర రాత్రంతా బంట్రోతు కాపలా. ఉన్నది ఒక్క కిటికీ. కిటికీని ఆనుకుని వంటపాక పెంకుల కప్పు, కుడిపక్కనుంచి కిటికీ వైపుకు ఏటవాలుగా ఉంది. కప్పుకు ఎడమపక్క సందు, కుడిపక్క ఎత్తైన గోడ. సందులో మక్ మినా బుట్టలు పెట్టుకుని అమ్ముతుందని ఊరందరికీ తెలుసు.

రోజెల్స్ సందు వైపు వేలు చూపించాడు. "అక్కడినుంచి విసిరింది. కప్పు మీద పడి కిటికీకి తగిలింది. అయిపోయింది. నేను జడ్జిగారికి చెప్పడానికి పోతున్నా."

కాదర్ కిటికీలోంచి సగం ఒళ్ళు బయటికి పెట్టి చూశాడు. పెంకుల మీద పచ్చగా నాచు పట్టి ఉంది. ఆ నాచులో పొడుగ్గా గీతలు, ముళ్ళ చువ్వతో దువ్వినట్టు. గీతలు గోడ వైపు మొదలై కిటికీ దగ్గర ఆగాయి. సందు వైపు నాచు చెక్కుచెదరలేదు. ఇంకో సంగతి కూడా చూశాడు. ఒక్క పెంకూ పగల్లేదు. చెట్టునుంచి పడ్డ డురియన్ మనిషి తలను పగలగొడుతుంది, పెంకు ఒక లెక్కా? ఈ రెండు సంగతులూ అతను రోజెల్స్‌కు చెప్పలేదు.

"పోయే ముందు ఒక్కసారి విసిరి చూపించు" అన్నాడు.

"ఏంటి?"

"అరవై దాటిన ముసలిది విసిరిందంటున్నావుగా. నువ్వు కండలున్న మొగాడివి. విసిరి కప్పెక్కించు. ఎక్కితే నీతోపాటు నేనూ వచ్చి అదే సాక్ష్యం చెప్తా."

కింద సందులో అప్పటికే జనం పోగయ్యారు. వాళ్ళ ముందు కాదనడానికి మొహం చెల్లక రోజెల్స్ కిందికి దిగాడు. కోర్టులోంచి బుట్టల దగ్గరికి వచ్చిన మక్ మినా పండు తీసి ఇస్తూ గొణిగింది. "మంచి పండు నాయనా. నేలపాలు చెయ్యకు."

"నీ కొడుకు మెడ మీద కత్తి వేలాడుతుంటే పండు గురించి ఏడుస్తావేం?"

"కొడుకు పని అల్లా చూసుకుంటాడు. పండు నేనే చూసుకోవాలిగా."

రోజెల్స్ పండు అందుకున్నాడు. ముళ్ళు అరచేతిలో దిగాయి. "అబ్బా" అని చెయ్యి మార్చాడు. ఆ చేతిలోనూ దిగాయి. టోపీ తీసి పండు కింద పెట్టి, ఊపి విసిరాడు. పండు వంటపాక గోడ సగందాకా ఎగిరి వెనక్కి వచ్చింది. జనం రెండుపక్కలా చీలిపోయారు. ఇన్‌స్పెక్టర్ కూడా పక్కకి దూకాడు, బురదలోకి. టోపీకి కన్నం పడింది.

"ఇంకోసారి దొరా" అని ఎవరో అరిచారు. "మీ కోసం ఇంకో బుట్ట ఉంది."

"పగిలిన పండుకు డబ్బు నువ్వే ఇచ్చుకోవాలి" అన్నది మక్ మినా.

నవ్వులు అణిగేసరికి కాదర్ అక్కడ లేడు. వంటపాక కప్పు మీదుగా పాకి గోడ దాటుతున్నాడు.

గోడ అవతల జడ్జిగారి బంగళా దొడ్డి. గుర్రాలశాల వెనక, ఆకులు దట్టంగా కమ్మిన మూలలో, ఏపుగా పెరిగిన డురియన్ చెట్టు ఉంది. దాని కింద బోర్లించిన బాల్చీ మీద విట్‌కూం దొరసాని కూర్చుని ఉంది. మోచేతుల దాకా చొక్కా చేతులు మడిచి, ఒళ్ళో అరటాకు పరుచుకుని, పండు చీలుస్తోంది. పక్కన తోటమాలి నిచ్చెన సర్దుతున్నాడు.

కాదర్ గోడ మీద అట్లాగే కూర్చుండిపోయాడు.

"దిగు" అన్నది దొరసాని. "అక్కడే ఉంటే అందరికీ కనిపిస్తావు. నువ్వు కాదర్‌వి కదూ? దిగి చేతులు కడుక్కో."

దిగాడు. కడుక్కున్నాడు. ఒక తొన చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాడు. మొదట చేదు. మెక్‌ఫెయిల్ దొరకు మాటలెందుకు చాలలేదో తెలిసింది.

"ఈ చెట్టు రెండేళ్ళ కిందట కొట్టేయించారని విన్నానమ్మగారూ."

"ఆయన కొట్టేయమన్నారు. కొట్టేశామని మేం చెప్పాం. ఆయన గుర్రాలశాల వెనక్కి ఎప్పుడూ రారు. న్యాయమూర్తులకు ముందువైపు చాలు."

"పండు పడిందా, పంపించారా?"

దొరసాని తోటమాలి వైపు చూసింది. తోటమాలి నిచ్చెన వైపు చూశాడు.

"పడితే పెంకు పగిలేది" అన్నాడు కాదర్. "ఎవరో కప్పు మీద మెల్లగా పెట్టి దొర్లించారు."

"తెల్లవార్లూ ఆ కిటికీలోంచి వాళ్ళ అరుపులు వింటున్నాను. ఆకలి మీదున్న మగవాళ్ళు ఇంటికి పోవడం కోసం ఎవణ్ణయినా ఉరేస్తారు. ఇరవై ఏళ్ళుగా నా మొగుడి కోర్టు చూస్తున్నాను. కడుపులో ఇంత పడితే నిదానిస్తారనుకున్నా."

"ఆ పడవవాడి మీద మీకింత జాలి దేనికి?"

"అది కోర్టయ్యాక అడుగు" అని ఆమె చేతులు తుడుచుకుంది. "ముందు నా టోపీ తెచ్చుకోనీ."

ఫిరంగికి ఇంకా వ్యవధి ఉండగానే కాదర్ సాక్షి బోను ఎక్కాడు. రోజెల్స్ బురద కాళ్ళతో సర్కారు వకీలు వెనక నిలబడ్డాడు.

"పండు ఎవరి చెట్టుది?" అని జడ్జి అడిగాడు.

"తమ చెట్టుదే దొరా."

గుమాస్తా కలం ఆపి తల ఎత్తాడు.

"నా దొడ్లో అలాంటి చెట్టు లేదు. రెండేళ్ళ కిందట కొట్టించాను."

"కొట్టలేదు" అన్నది వెనకనుంచి ఒక గొంతు. మక్ మినా పక్కన, పెద్ద టోపీలో, దొరసాని లేచి నిలబడింది. "నేనే వద్దన్నాను. ఆ చెట్టు నాది. నీళ్ళు పోసింది నేను, తిన్నదీ నేను, కిటికీకి దొర్లించిందీ నేను."

జడ్జి రుమాలు ముక్కు మీదనుంచి జారి బల్ల మీద పడింది. దాన్ని తీసుకోవాలన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. పోయిన విడత కేసుల్లో ఇదే కుర్చీలో కూర్చుని, హాజరా అనే ఆడమనిషి పెంచుకున్న కోళ్ళు ఆమెవి కావు, మొగుడివేనని తీర్పు చెప్పింది ఆయనే. పెళ్ళయిన ఆడదానికి వేరే సొత్తు ఉండదన్నాడు. హాజరా ఇవాళ కూడా వచ్చింది. మూలనుంచి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చూస్తోంది.

"చెట్టు నీది కాదు ఆగస్టా" అన్నాడు జడ్జి నీరసంగా. "చట్టం ప్రకారం నాది. ఆ మాట అన్నది నేనే. ఒకసారి అన్నాక అది నన్నూ కట్టేస్తుంది."

"అయితే జ్యూరీకి భోజనం పెట్టింది జడ్జిగారే" అన్నాడు ఎవరో. కోర్టంతా ఘొల్లుమంది. బంట్రోతు నిశ్శబ్దం అంటూ తనే నవ్వాడు.

నడుం పట్టీకున్న ఇత్తడి బిళ్ళ మెరిసేలా రోజెల్స్ వంగి వకీలు చెవిలో ఏదో ఊదాడు. వకీలు లేచాడు. "దొరా, మన్నించాలి. తన వ్యవహారంలో తానే జడ్జిగా కూర్చోవడం పనికిరాదు. ఈ సంగతి సింగపూరు జడ్జిగారు తేల్చాలి. అంతవరకు ఖైదీని జైల్లోనే ఉంచమని కోరుతున్నాను."

విట్‌కూం దొర బల్ల మీద పడ్డ రుమాలు తీసి మడత పెట్టాడు. కాదర్‌కు ఆయన సంగతి తెలుసు. ఈ మనిషి చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డ జడ్జిని భయపెట్టొచ్చు, కొనొచ్చు. నియమం కోసం తన చెయ్యి తానే నరుక్కునేవాణ్ణి ఏం చేస్తాం?

"అదీ న్యాయమే" అన్నాడు జడ్జి. "నేను తేల్చలేను."

బోనులో జుసో ఇనుప చువ్వ పట్టుకున్నాడు.

"ఒక్కమాట దొరా" అన్నాడు కాదర్. "జడ్జి కావాలంటే ముందు తగువుండాలి కదా. ఖైదీ మనుషులు పండు పెట్టారని సర్కారు వారన్నారు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారా అని అడగండి చాలు. ఉంటే దొరసానిగారిని ఈ బోనెక్కించి, అబద్ధమాడుతున్నావని వకీలుగారే ఆమె మొహం మీద అనాలి. లేకపోతే తగువే లేదు. తగువు లేనప్పుడు సింగపూరు జడ్జి మాత్రం ఏం తేలుస్తాడు?"

వకీలు దొరసాని వైపు చూశాడు. దొరసాని అతనికేసి ఆప్యాయంగా చిరునవ్వు నవ్వింది. శనివారం రాత్రి బంగళాలో విందు. ఊళ్ళో కాస్త పేరున్న ప్రతివాడికీ పిలుపు అందింది. అతని భార్య ఆ విందుకోసం మద్రాసునుంచి బట్ట తెప్పించుకుంది.

"లేచి చెప్పండి" అని రోజెల్స్ వెనకనుంచి పళ్ళు కొరికాడు.

"సర్కారు ఆ ఆరోపణ వెనక్కి తీసుకుంటోంది" అన్నాడు వకీలు, కూర్చుంటూనే.

"జ్యూరీకి తలా ఒక డాలరు జరిమానా" అన్నాడు జడ్జి.

"ఆ పండుకు డాలరు తగిందే" అన్నాడు మెక్‌ఫెయిల్, డబ్బు అప్పుడే తీస్తూ.

జడ్జి కలం సిరాలో ముంచి తీర్పు రాశాడు. సంకెళ్ళు ఊడిన చప్పుడు అయ్యేలోపే మక్ మినా కొడుకు మీద పడింది. ఏడుస్తూనే వాడి వీపు మీద గుద్దింది, ఇన్నాళ్ళు తిండి మానేసి చిక్కిపోయినందుకు. హాజరా మేజా దగ్గరికి వెళ్ళి, అయితే తన కోళ్ళ సంగతి మళ్ళీ చూస్తారా అని గుమాస్తాను నిలదీస్తోంది. కోట మీద ఫిరంగి పేలింది. ఆ సందడిలో ఎవరూ పట్టించుకోలేదు.

కాదర్ గోడ దాటే అవసరం లేకుండా ఈసారి గేటులోంచే బంగళా దొడ్లోకి వెళ్ళాడు. దొరసాని మళ్ళీ బాల్చీ మీద కూర్చుంది.

"ఇప్పుడు అడుగు" అన్నది.

"వాడు నిర్దోషని మీకు ముందే తెలుసు. ఎట్లా తెలుసు?"

"పైవసారాలోంచి సముద్రం కనిపిస్తుంది. హత్య జరిగిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. కావలివాడి పడవకు ఇంకో పడవ ఆనుకుంది. జుసోది కాదు. ఒకడు నిలబడి తెడ్డు ఎత్తాడు. దించాడు. రెండోసారి ఎత్తాల్సిన పని లేకపోయింది."

"ఇది ఎవరికీ చెప్పలేదా?"

"ఆ రాత్రే మా ఆయనకు చెప్పాను. చెవులు మూసుకున్నారు. ఇంట్లో విన్నది కుర్చీ దాకా మోసుకెళ్ళకూడదట. సరే, నేనే కోర్టులో చెప్తానన్నాను. నా భార్య సాక్షి అయితే నేను జడ్జిగా కూర్చోలేను, ఈ దీవిలో ఇంకో జడ్జి లేడు, ఆ కుర్రాడు జైల్లోనే ముసలివాడవుతాడు అన్నారు. నిజమే అనిపించింది. అందుకని పండు దొర్లించాను."

కాదర్ నవ్వాపుకోలేకపోయాడు. చట్టం మూసిన తలుపు పక్కనే ఆవిడ కిటికీ వెతుక్కుంది. "తెడ్డు ఎత్తినవాణ్ణి గుర్తుపట్టగలరా?"

"మొహం సరిగా కనిపించలేదు. నడుముకు ఇత్తడి బిళ్ళ పట్టీ ఉంది. దీపం వెలుగుకు తళుక్కుమంది. ఇవాళ కోర్టులో మళ్ళీ తళుక్కుమంది, వాడు వకీలు చెవి దగ్గరికి వంగినప్పుడు."

గేటు కిర్రుమంది. రోజెల్స్ లోపలికొచ్చాడు. తడి ఆరని బురద బూట్లతో, కన్నం పడ్డ టోపీ చేతిలో పట్టుకుని, నవ్వుతున్నాడు. రెండో చెయ్యి మాత్రం కోటు లోపల ఉంది.

"దొరసానమ్మగారు కాదర్‌తో కబుర్లలో ఉన్నట్టున్నారు. నేనూ వినొచ్చా?"

కాదర్ లేచి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. దొరసాని మాత్రం లేవలేదు. పండులోంచి లావుపాటి తొన ఒకటి తీసి, అరటాకు ముక్కలో పెట్టి, అతని వైపు చాచింది.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ. మీ గురించే మాట్లాడుకుంటున్నాం."